కోటగోడలో మినప్పిండి

బూదిగట్టు కోట దక్షిణపు గోడ కడుపు ముందుకు వచ్చి మూడేళ్ళయింది. మా మండలికి ఆ సంగతి తెలిసి రెండేళ్ళ పదకొండు నెలలయింది. తేడా వచ్చిన నెల, ఉత్తరం ఆ బల్ల మీంచి ఈ బల్ల మీదికి రావడానికి పట్టింది.

మాది ప్రాచీన కట్టడాల సంరక్షణ మండలి. అందులో నేను సీనియర్ అసిస్టెంటుని, పేరు మద్దిలేటి. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క కట్టడాన్నీ కాపాడలేదు గాని, ఒక్క ఫైలునూ పోగొట్టలేదు. మా దగ్గర దాన్నే సంరక్షణ అంటారు.

గోడ సంగతి ముందుగా చెప్పినవాడు దస్తగిరి మేస్త్రి. డెబ్బై ఏళ్ళ మనిషి. సున్నాన్ని గానుగలో తిప్పి, పాతకాలపు పద్ధతిలో గచ్చు కలపడం తెలిసినవాళ్ళలో ఆ చుట్టుపక్కల మిగిలింది ఆయనొక్కడే. ఈ ఏడు వేసవి మొదట్లో మళ్ళీ ఆఫీసుకొచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి నిలబడ్డాడు.

"సామీ, ఇంగొక వానాకాలం తట్టుకోదు ఆ గోడ. రాళ్ళు సర్ది గచ్చు పెట్టల్ల. సున్నం, ఇసక, బెల్లం, కరక్కాయ నానేసిన నీళ్ళు. పదకొండు దినాల పని."

మా డైరెక్టరు పరాంకుశం గారు అంతా శ్రద్ధగా విన్నారు. "నీ అనుభవాన్ని మండలి గౌరవిస్తుంది. కానీ అనుభవం వేరు, ఆధారం వేరు" అని పంపించేశారు.

అప్పటికి ఆయన రాజధానిలో ఏదో సదస్సుకు వెళ్ళివచ్చి వారమైంది. పూర్వులు సున్నంలో బెల్లం, గుడ్డుసొన, మినుములు, రకరకాల జిగురులు కలిపేవారనీ, ఇన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా వాటి జాడ ప్రయోగశాలలో కనిపెట్టవచ్చనీ అక్కడ ఎవరో పెద్ద తెరమీద చూపించారట. ఆ మాట నిజమే, మంచి శాస్త్రమే. అయితే అది మా డైరెక్టరుగారి చెవిన పడింది. తిరిగొచ్చినప్పటినుంచి ఆయన ఏ గోడను చూసినా ఆకలిమీదున్న మనిషి చూసినట్టు చూసేవారు. 'సేంద్రియ సంకలితాల నిర్ధారణ జరగనిదే ఏ పురాతన కట్టడానికీ చేయి వేయరాదు' అని సర్క్యులరు ఇచ్చారు. సేంద్రియ సంకలితం అంటే సున్నంలో కలిపే తినే వస్తువని మా అటెండరు ఒక్క ముక్కలో అర్థం చెప్పాడు.

కోటలో ఏడు చోట్ల నుంచి ఏడు సంచుల్లో గచ్చు నమూనాలు తెచ్చే పని నా మీద పడింది.

మే నెల. బూదిగట్టుకు ఆరువందల పన్నెండు మెట్లు. చెట్టు నీడ లేదు. మెట్ల మొదట్లోనే, ఆ కడుపొచ్చిన గోడకు ఆనించి వేసిన రేకుల పందిరిలో ఓబుళమ్మ టిఫిను అంగడి ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఉంది. మొగుడు పోయిన ఏడు మొదలుపెట్టిందట. ఆ పొయ్యి తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. కోట చూడటానికి వచ్చినవాళ్ళు దారిలో ఆమె దోసె తిని, పైకెక్కకుండానే కోట బాగుందని చెప్పి వెళ్ళిపోవడం నేనెరుగుదును.

నేనూ దోసె చెప్పి కూర్చున్నాను. దోసె రావడానికి పది నిమిషాలు పడుతుంది. పైకెక్కి దిగడానికి రెండున్నర గంటలు పడుతుంది. పందిరి వెనక గోడ నీడలో చల్లగా ఉంది. మిగతా చోట్ల ఉలికి కూడా లొంగని గచ్చు, అక్కడ చెంచాతో గీకితే చేతిలోకి వచ్చేసింది. ఆ చెంచా కూడా ఓబుళమ్మదే.

"ఏంది సార్, ఆడ గీకుతాండారు?" అంది, పెనం మీంచి తల తిప్పకుండానే.

"కోట గచ్చు ఓబుళమ్మా. పరీక్షకు."

"ఆడంతా నేను గ్రైండరు కడిగిన నీళ్ళు పోసేది సార్. దినామూ ఆడే."

"గోడ గోడే కదమ్మా" అన్నాను.

ఏడు సంచులూ నిండాయి. వాటిమీద సింహద్వారం, ధాన్యాగారం, తూర్పు బురుజు, పడమటి బురుజు, మందుగుండు కొట్టు, రాణివాసం, దక్షిణపు గోడ అని నా చక్కటి దస్తూరీతో రాసి, కింద సంతకం పెట్టాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు గనక ముందే చెప్పేస్తున్నాను. ఆ తర్వాత జరిగిందంతా ఆ సంతకం చలవే.

మామూలుగా మా ప్రయోగశాల నివేదిక రావడానికి ఏడాది పడుతుంది. ఈసారి పన్నెండు రోజుల్లో వచ్చింది. ప్రయోగశాల అధిపతి డాక్టర్ చిత్కళ గారు స్వయంగా తెచ్చి, సమావేశంలో లేచి నిలబడి చదివారు.

"ఏడు నమూనాల్లోనూ పిండి పదార్థం, మాంసకృత్తులు గణనీయ స్థాయిలో ఉన్నాయి. మూలం, మినుములు ఒక వంతు, బియ్యం రెండున్నర వంతులు. మెంతులు స్వల్పంగా. పులిసిన చిహ్నాలు సుస్పష్టం. రెండు బురుజుల నమూనాల్లో మాత్రం కొబ్బరి, ఆవాలు."

టీ కప్పులు తీస్తున్న అటెండరు "దోసెపిండి" అన్నాడు. అతన్ని ఇంకో విడత టీ తెమ్మని బయటికి పంపించారు.

పరాంకుశం గారి కళ్ళు చెమ్మగిల్లాయి. "ఏడుకు ఏడు. ధాన్యాగారానికీ బురుజులకూ మధ్య వందేళ్ళ తేడా ఉందంటారు చరిత్రకారులు. రాజులు మారారు, మేస్త్రులు మారారు, పాళ్ళు మాత్రం గింజ తేడా లేదు. ఇంత నాణ్యతా నియంత్రణ ఈనాడు ఏ శాఖలో ఉందో చెప్పండి."

నమూనాలు ఒకేలా ఉండటానికి ఇంకేదైనా కారణం ఉండొచ్చా అని ఎవరూ అడగలేదు. ఫలితం మనసుకు నచ్చినప్పుడు మా మండలిలో ప్రశ్నలు వేయడం మర్యాద కాదు.

సంప్రదాయ విజ్ఞాన ప్రతినిధి హోదాలో దస్తగిరి మేస్త్రిని కూడా పిలిపించారు. ఆయన నివేదిక అంతా విన్నాడు. "సామీ, కొందరు పిడికెడు మినుములు ఏసేది ఉండాది, లేదనను. ఇంత పులిసిన పిండి సున్నంలో పోస్తే చీమలు పడ్తాయి. గోడ నిలబడదు. మా తాత చెప్పింది బెల్లం, కరక్కాయ."

'మౌఖిక సంప్రదాయం కాలక్రమేణా కలుషితమైనట్లు గమనించడమైనది' అని ఆ రోజు మినిట్సులో రాశాను. రాసింది నేనే గనక అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

నాలో కాస్త మనిషి మిగిలి ఉన్నాడు కాబోలు, లేచి నిలబడ్డాను. "సార్, ఆ నమూనాల విషయంలో నేనొక మాట..."

"కూర్చోండి మద్దిలేటీ. మీ నిరాడంబరత మాకు తెలుసు" అన్నారు డైరెక్టరుగారు. "మండుటెండలో ఆరువందల పన్నెండు మెట్లు ఎక్కి, ఏడు చోట్లా తిరిగి, ఒక్కపూటలో పని పూర్తిచేశారు. మీకు శాలువా కప్పాలని నిర్ణయించాం."

కప్పారు. భుజమ్మీద శాలువా ఉండగా నిజం చెప్పడం చాలా కష్టం. ఆ రోజు ఉక్కపోత కూడా ఎక్కువగా ఉంది.

వారంలో 'ప్రాచీనత నిర్ధారణ నిబంధనలు' వచ్చాయి. వాటికి అనుబంధంగా ఒక ఫారం. అందులో మూడే గడులు, మినుములు, బియ్యం, మెంతులు. మూడింటిలోనూ 'ఉంది' అని పడితే అది ప్రాచీన కట్టడం. పడకపోతే ఎన్ని వందల ఏళ్ళదైనా ఉత్త గోడ, దాన్ని రక్షిత జాబితాలోంచి తీసేయాలి. బెల్లానికీ కరక్కాయకూ గడి లేదు. ఏడు నమూనాల్లోనూ కనపడనివాటికి గడి పెట్టడం స్టేషనరీ దుబారా అని తేల్చారు.

ఇక మరమ్మతుకు సరిపోలే పిండి కావాలి. జిల్లాలోని పదహారు హోటళ్ళ పిండి పరీక్షించారు. ఏదీ సరిపోలేదు. ఒకదానిలో మెంతులు తక్కువ, ఒకదానిలో పులుపు ఎక్కువ, పేరున్న హోటలు పిండిలో మినుములే లేవు. పదిహేడోది ఓబుళమ్మ పిండి. నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు సరిపోయింది.

ఆ కాగితం చూసి డాక్టర్ చిత్కళ గారు కుర్చీలోంచి లేచారట. "నాలుగు వందల ఏళ్ళనాటి మిశ్రమం, తెగని పరంపరగా, కోట పాదాల దగ్గరే బతికి ఉంది" అని డైరెక్టరుగారికి ఫోను చేశారు. మర్నాడే కమిటీ జీపుల్లో అంగడికి బయల్దేరింది. కాగితాలు మోయడానికి నేనూ వెళ్ళాను.

ఓబుళమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, అందరికీ బెంచీలు వేసింది. కమిటీ కూర్చుని విచారణ మొదలుపెట్టింది.

"ఈ పాళ్ళు మీకు ఎవరు నేర్పారు?" అన్నారు చిత్కళ గారు.

"మా అత్త."

"ఆమెకు?"

"వాళ్ళ అత్త ఉంటాది గదా తల్లీ."

కమిటీ సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కోట వయసు నాలుగు వందల ఏళ్ళు, ఒక్కో అత్త హయాం సగటున ఇరవై రెండేళ్ళు అనుకుంటే పద్దెనిమిది మంది అత్తలు. పద్దెనిమిదో అత్త కోట కట్టినవాళ్ళకు పిండి రుబ్బి ఇచ్చి ఉంటుందని అక్కడికక్కడే తీర్మానించారు.

"అమ్మా, ఈ మిశ్రమానికీ ఈ గోడకూ ఏమైనా సంబంధం ఉందా?" అన్నారు పరాంకుశం గారు గంభీరంగా.

ఓబుళమ్మ మామూలుగానే చెప్పింది. "సంబంధం ఏముంటాది సామీ. గ్రైండరు కడిగిన నీళ్ళు ఆ గోడకు కొడ్తా. ఇరవై రెండేండ్లుగా దినామూ కొడ్తానే ఉండా. ఆ తెలుపంతా అదే."

నిజం అంత సూటిగా మా మండలి ముందుకు రావడం అదే మొదటిసారి. ఇక కథ అయిపోయిందనుకుని కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి డైరెక్టరుగారు చేతులు జోడించి ఉన్నారు.

"విన్నారా. నిత్య పిండిజల సేచనం. ఎందుకు చేస్తున్నదీ ఆమెకే తెలియదు. తెలియకపోవడమే పరంపర లక్షణం. రాసుకోండి మద్దిలేటీ."

రాసుకున్నాను.

పదిరోజుల తర్వాత అక్కడే సభ పెట్టి ఓబుళమ్మను సన్మానించారు. కుడి చేతికి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఎడమ చేతికి నోటీసు ఇచ్చారు. ప్రాచీన మిశ్రమాన్ని ఆహారంగా విక్రయించడం ఒక నేరం. రక్షిత కట్టడానికి అనుమతి లేకుండా పదార్థం పూయడం ఇంకొక నేరం. నిషిద్ధ పరిధిలో పొయ్యి ఉండటం మూడోది. గ్రైండరుకు గుడ్డ చుట్టి, లక్క పోసి, సీలు వేశారు. 'ఈ యంత్రము జాతి సంపద, తాకరాదు' అని బోర్డు తగిలించారు.

ఓబుళమ్మ ఆ కాగితాలు రెండూ తెచ్చి నాకే ఇచ్చింది. "సదివి సెప్పు సార్, ఏమంటాండారు?"

చెప్పాను. ఆమె బోర్డు వైపు చూసింది. "పిండి గోడకు పెడితే నేనేం తినల్ల సార్?" అంది. అరవలేదు, ఏడవలేదు. మామూలుగా అడిగింది. ఆమె చేతి దోసె తింటూనే ఆమె పొయ్యి ఆర్పినవాణ్ణి నేను.

జూన్ మూడోవారంలో మరమ్మతు మొదలైంది. పిండి రుబ్బడానికి పన్నెండు గ్రైండర్లు తెచ్చిన కాంట్రాక్టరుకు ఓబుళమ్మ పాళ్ళు అచ్చువేసి ఇచ్చారు. దస్తగిరి మేస్త్రి ఆ సున్నం ముట్టనన్నాడు. ఆయన స్థానంలో పట్నం నుంచి ఒక సంస్థవాళ్ళు వచ్చారు. రెండు నమూనాల్లో కనపడిన కొబ్బరి, ఆవాల మీద పెద్ద చర్చే జరిగింది. చట్నీ కట్టడానికి బలాన్ని ఇచ్చే భాగమా, కేవలం అలంకారమా అన్నది తేల్చడానికి ఉపసంఘం వేశారు. ఏడింట రెండిటిలోనే ఉంది గనక బురుజులకు మాత్రం చట్నీ వాడాలని వారు సిఫారసు చేశారు.

మొదటి రోజు గోడ నున్నగా, తెల్లగా నిలిచింది. రెండో రోజు పొద్దునకు జానెడు పొంగింది.

"సజీవ కట్టడం" అన్నారు డైరెక్టరుగారు, పొంగును తాకి చూస్తూ.

మూడో రోజు చీమలు వచ్చాయి. నాలుగో రోజు మేకలు వచ్చి గోడను నాకడం మొదలుపెట్టాయి. మేకలను తోలడానికి ఇద్దరు కాపలాదార్లను వేస్తే, ఐదో రోజు కోతులు వచ్చాయి. పులిసిన వాసనకు మెట్ల దగ్గర నిలబడ్డవాళ్ళకు ఆకలేస్తోంది గాని, తినడానికి అంగడి లేదు. పిండివంటల మీద పూర్వులకున్న మక్కువ ఈనాటి జీవరాశికి కూడా అర్థమైందని పత్రికా ప్రకటన ఇచ్చాం.

తర్వాత వాన వచ్చింది. మూడు రోజులు ఆగకుండా కొట్టింది. మెట్ల మీంచి తెల్లటి కాలువ పారి బస్టాండు దాకా వచ్చింది. కొత్త గచ్చు ఒక్క పెచ్చు మిగలకుండా జారిపోయింది. పందిరి వెనక ఇరవై రెండేళ్ళుగా పట్టిన తెలుపు కూడా కడుక్కుపోయింది. గోడ కడుపులోంచి నాలుగు రాళ్ళు ఊడి, మూతపడిన పొయ్యికి పక్కనే పడ్డాయి.

ఆ రాళ్ళు చూసి వస్తుంటే దస్తగిరి మేస్త్రి ఎదురయ్యాడు. నన్ను తిట్టలేదు. "ఓబుళమ్మ బస్టాండు కాడ హోటల్లో గిన్నెలు తోముతాంది సార్. పొద్దున పోయి చూసొచ్చినా. ఒకరి కింద పని చేసే మనిషి కాదు ఆయమ్మ" అని, తన దారిన తాను పోయాడు.

గోడ పడితే పూచీ ఎవరిదన్న ప్రశ్న రాకముందే, నిబంధనల ప్రకారం రెండోసారి నమూనాలు తీసి, మిశ్రమం ఇంకా ఉన్నట్లు నిర్ధారించాలని డైరెక్టరుగారు ఆదేశించారు. "ఈ పనికి మద్దిలేటిని మించినవాడు లేడు" అన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని ప్రాచీనత నిర్ధారణ నిబంధనలు మొదటినుంచి చివరిదాకా చదివాను. టైపు చేసింది నేనే గాని, చదవడం అదే మొదలు. మూడు గడులు. 'లేదు' పడితే ఉత్త గోడ. ఉత్త గోడకు నిషిద్ధ పరిధి లేదు, నోటీసు చెల్లదు, సీలు నిలవదు. నాలుగుసార్లు చదివి పడుకున్నాను.

మర్నాడు ఆరువందల పన్నెండు మెట్లూ ఎక్కాను. మూడొందలో మెట్టు దగ్గర మోకాళ్ళు, ఐదొందలో మెట్టు దగ్గర దేవుడు గుర్తొచ్చారు. సింహద్వారం దగ్గర ఉలి మీద ముప్ఫై దెబ్బలు వేస్తే చిటికెడు గచ్చు రాలింది. ధాన్యాగారంలో గబ్బిలాలు నన్ను తరిమాయి. రాణివాసం ఎక్కడుందో వెతికి పట్టుకోవడానికే గంట పట్టింది, ఎందుకంటే మా ఆఫీసులో ఎవరూ దాన్ని చూసినవాళ్ళు కారు. ఏడు చోట్లా ఏడు సంచులు నింపి, కిందికి దిగేసరికి కాళ్ళు నా మాట వినడం మానేశాయి. ఇరవై ఆరేళ్ళలో నేను నిజంగా చేసిన పని అదొక్కటే.

ఫారం మీద ఏడు నమూనాలకూ మూడు గడుల్లోనూ 'లేదు' అని పడింది. అడుగున చిత్కళ గారు పెన్సిలుతో 'ఏదో తీపి పదార్థం, కరక్కాయ వంటి వగరు జాడలు. గడి లేనందున పరిగణించలేదు' అని రాశారు.

సమావేశంలో రెండు నివేదికలనూ పక్కపక్కన పెట్టారు. మొదటి ఏడూ ఉంది అన్నాయి, రెండో ఏడూ లేదు అంటున్నాయి. రెండింటి మీదా నా సంతకమే. ఉద్యోగం పోతుందనుకుని మనసు దిటవు చేసుకున్నాను. నిజం చెప్పడానికి ఈసారి భుజమ్మీద శాలువా కూడా లేదు.

"సార్, మొదటి నమూనాలన్నీ నేను ఓబుళమ్మ అంగడి వెనకే గీకాను. పైకి ఎక్కలేదు" అన్నాను.

పరాంకుశం గారు నా వైపు చాలా దయగా చూశారు. "మద్దిలేటీ, మండలి పరువు కాపాడటానికి తప్పు మీమీద వేసుకోవాలనుకోవడం గొప్ప విషయం. కానీ శాలువా కప్పిన మనిషిని మండలి అనుమానించదు. అనుమానిస్తే శాలువా ఎవరు కప్పారన్న ప్రశ్న వస్తుంది." తర్వాత సభ్యుల వైపు తిరిగారు. "రెండు నివేదికలూ సరైనవే. కోట జూన్ దాకా ప్రాచీనంగానే ఉంది. ఆ తర్వాత దాని ప్రాచీనత నశించింది. ఇందులో మన లోపం లేదు."

ఏకగ్రీవంగా ఆమోదించారు. బూదిగట్టు కోటను రక్షిత జాబితాలోంచి తొలగించారు. ఆ ఉత్తర్వు టైపు చేస్తుంటే నాకు కలిగిన సంతోషం, నా ప్రమోషన్ ఉత్తర్వు వచ్చినప్పుడు కూడా కలగలేదు.

గ్రైండరు సీలు నా చేతులతోనే ఊడదీశాను. బోర్డు పీకి ఓబుళమ్మకే ఇస్తే, పొయ్యికి గాలి అడ్డు పెట్టుకుంది. గోడ ఇప్పుడు ఎవరిదీ కాదు గనక అనుమతి అడగడానికి ఎవరూ లేరు. దస్తగిరి మేస్త్రి తన ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొచ్చి, రాళ్ళు సర్ది, గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు పోసి గచ్చు పెట్టాడు. చెప్పినట్టే పదకొండు రోజులు పట్టింది. ముగ్గురికీ మూడు పూటలా ఓబుళమ్మే పెట్టింది. తర్వాత రెండు పెద్ద వానలు పడ్డాయి. గోడ కదల్లేదు.

మొన్న ఆదివారం వెళ్ళాను. దోసె తింటుంటే ఓబుళమ్మ గ్రైండరు కడిగి, ఆ నీళ్ళ బకెట్టు ఎత్తుకుని, అలవాటు ప్రకారం పందిరి వెనక్కి నడిచింది. గోడ ముందు చెయ్యి ఎత్తి, ఆగిపోయింది. మళ్ళీ దించి, బకెట్టు మోసుకుంటూ నా ముందునుంచే రోడ్డు దాటి, అవతల మురికికాలవలో పోసి వచ్చింది.

"అంత దూరం ఎందుకమ్మా, ఎప్పటిలా అక్కడే పోయకపోయావా?" అన్నాను.

"వద్దులే సార్" అంది ఓబుళమ్మ, ఖాళీ బకెట్టు బోర్లిస్తూ. "గోడ మళ్ళీ పురాతనం అయిపోతాది."